మేరీ వార్డ్ చదువును ఆమె ప్రార్థన నుంచి విడదీసి రాయొచ్చా?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. బీఈడీ సెమినార్ కోసం 17వ శతాబ్దపు కేథలిక్ సన్యాసిని మేరీ వార్డ్‌ను ఎంచుకున్నారు. విద్యా సూత్రాలు ఒక భాగంగా, ఆధ్యాత్మికత ఇంకో భాగంగా రాయమని గైడ్ చెప్పారు. ఎక్కడ వెతికినా "ఆడపిల్లలకు బడులు పెట్టిన మహనీయురాలు" అన్న ముక్క తప్ప సరుకు దొరకడం లేదన్నారు. ఆమెను ఫెమినిస్ట్ అనొచ్చా, మదర్ థెరిసాతో సంబంధం ఏమిటి అన్నవి మీ చివరి రెండు ప్రశ్నలు.

నేను బీఈడీ కాలేజీలో 24 ఏళ్లు విద్యా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మొదట్లో నేనూ మీ గైడ్ చెప్పినట్టే చేసేవాణ్ణి. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి ఎడమవైపు 'విద్య', కుడివైపు 'భక్తి' అని రాసేవాణ్ణి. ఎడమవైపు లాటిన్, చదవడం, రాయడం, సంగీతం, నాటకం, కుట్టుపని, మతబోధ వచ్చేవి. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, కుట్టుపని తీసేస్తే ఇవన్నీ అప్పటి మగపిల్లల బడుల్లో ఉన్నవేగా, ఇందులో ఈవిడ సొంత ఆలోచన ఏముంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానని తప్పించుకుని, ఇంటికెళ్లి మేరీ వార్డ్ మాటలు మళ్లీ చదివితే తెలిసింది, తప్పు ఆ గీతలోనే ఉందని.

ఆ అమ్మాయి పట్టుకున్నది నిజమే. సిలబస్ మేరీ వార్డ్‌ది కాదు. యేసు సభవాళ్లు, అంటే జెస్యూట్లు, 1599లో తమ కాలేజీల కోసం ఒక చదువుల ప్రణాళిక ఖరారు చేశారు. అప్పటికి యూరప్‌లో మగపిల్లల చదువుకు అంతకు మించిన పద్ధతి లేదనే పేరు. ఈమె దాన్నే ఆడపిల్లల దగ్గరికి తెచ్చింది. మరి ఈమెది ఏది అంటే, అది ఆడపిల్లలకు ఎందుకు తేవచ్చు, తెచ్చే టీచరమ్మ ఎలా బతకాలి, ఆ టీచర్ల మీద పెత్తనం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబు. ఆ జవాబు మొత్తం ఆమె ప్రార్థనలోంచే వచ్చింది. అందుకే విడదీస్తే రెండూ చచ్చిపోతాయి.

ఒక చిన్న పక్క మాట. మన ఊళ్లలో 'కాన్వెంట్' అంటే యూనిఫాం, టై, ఇంగ్లిష్ మీడియం. ఒక్క సిస్టర్ కూడా లేని బడికి సైతం దర్జాగా కాన్వెంట్ అని బోర్డు పెడతారు. అసలు అర్థం మఠం. అదీ మేరీ వార్డ్ కాలంలో గోడ దాటి బయటికి రాకూడని మఠం. 1563లో కేథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ మఠకన్యలకు ఈ గోడను గట్టిగా విధించింది, 1566లో అయిదవ పయస్ పోపు దాన్ని ఇంకా బిగించాడు. ఆడది దేవుడికి అంకితమైతే ఇక గడప దాటకూడదు. పిల్లలకు చదువు చెప్పాలంటే పిల్లలే గోడ లోపలికి రావాలి. మేరీ వార్డ్ పోరాటమంతా ఈ గోడతోనే. కాన్వెంట్ చదువు అని మనం అనుకునేదానికి దారి వేసినవాళ్లలో ఒకామె కాన్వెంట్ గోడ వద్దన్నందుకే జైలుకెళ్లింది.

ఆమె జీవితం క్లుప్తంగా. 1585 జనవరి 23న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టింది. ఎలిజబెత్ రాణి రోజులు. ప్రభుత్వ ప్రొటెస్టెంట్ చర్చికి వెళ్లని కేథలిక్కులకు నెలకు 20 పౌన్ల జుర్మానా; మామూలు కుటుంబం కూలిపోయేంత మొత్తం. ఆమె అమ్మమ్మ తన విశ్వాసం కోసం మొత్తం మీద 14 ఏళ్లు జైల్లో గడిపింది. మేనమామలిద్దరు రాజును, పార్లమెంటును పేల్చేయాలన్న 1605 నాటి తుపాకిమందు కుట్రలో చేరి చనిపోయారు. ఇంగ్లండ్‌లో మఠాలు లేవు. పూజ చేసే గురువులు ఇళ్లలో, అటకల మీద దాక్కునేవారు. ఈ ఇళ్లలో విశ్వాసాన్ని నిలబెట్టింది ఎక్కువగా ఆడవాళ్లే. గురువుకు అన్నం పెట్టడం, దాచడం, పిల్లలకు జపాలు నేర్పడం వాళ్ల పని. ఆడవాళ్లకు చేతకాదని తర్వాత ఎవరు అన్నా ఆమె ఎందుకు నవ్వుకుందో ఈ బాల్యం తెలిస్తే అర్థమవుతుంది.

1606లో సముద్రం దాటి సెయింట్ ఓమర్ వెళ్లింది. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో స్పెయిన్ పాలనలోని నెదర్లాండ్స్. అక్కడ పూర్ క్లేర్స్ అనే, కటిక పేదరికం పాటించే మఠకన్యల మఠంలో చేరి, వీధుల్లో భిక్ష ఎత్తే సిస్టర్‌గా పనిచేసింది. తర్వాత ఇంగ్లిష్ అమ్మాయిల కోసం అదే సంప్రదాయంలో వేరే మఠం పెట్టడానికి కారకురాలైంది. కఠినమైన జీవితం, ఆమెకు ఇష్టమైన జీవితం కూడా. కానీ 1609 మే 2న పని చేసుకుంటూ ఉండగా, నీకు ఇది కాదు, 'వేరే ఏదో' ఉంది అన్న స్పష్టత కలిగిందని రాసుకుంది. ఆ వేరేది ఏమిటో తెలియదు. లండన్ తిరిగొచ్చింది. అదే ఏడాది ఒక ఉదయం అద్దం ముందు కూర్చుని జుట్టు సరిచేసుకుంటుంటే, తన దారి దేవునికి ఎక్కువ మహిమ తెచ్చేదని మనసుకు తట్టింది. రెండు గంటల సేపు ఒళ్లు తెలియలేదట. దర్శనాలంటే గుళ్లో, గుహలో అనుకుంటాం. ఈమెకు దువ్వెన చేతిలో ఉండగా వచ్చింది. ఇది మీ పేపర్లో తప్పక రాయండి, ఎందుకంటే మామూలు పనికీ ప్రార్థనకూ మధ్య ఆమె గోడ పెట్టలేదు.

1611లో ఒక జబ్బు నుంచి కోలుకుంటుండగా, "సొసైటీవాళ్లది ఏదో అదే తీసుకో" అన్న మాట ఆమెకు లోపల వినిపించింది. సొసైటీ అంటే యేసు సభ. అంటే గోడ వద్దు. గంటగంటకూ గాయక బృందంలో నిలబడి చేసే పాట ప్రార్థన వద్దు. ప్రత్యేకమైన అంగీ వద్దు. ఊరి బిషప్పు చేతికింద కాకుండా, ఒక స్త్రీని అధిపతిగా ఎన్నుకుని నేరుగా పోపుకు లోబడి ఉండాలి. 1621లో ఇదే అడగడానికి ఆమె, తోటివాళ్లు ఆల్ప్స్ పర్వతాలు దాటి ఎక్కువ దూరం కాలినడకన వెళ్లి, సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు రోమ్ చేరారు.

ఇవన్నీ మఠం నియమాలు కదా, విద్యకేం సంబంధం అనుకోవద్దు. సిస్టర్ డొరొతియా అనే సభ్యురాలు 1620ల మొదట్లో ఇంగ్లండ్ సఫక్ జిల్లా నుంచి పంపిన నివేదిక ఉంది. ఆమె ఒక పేదరాలి ఇంట్లో, వాళ్ల బంధువునని చెప్పుకుని ఉండేది. ఊళ్లో పిల్లలకు పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు నేర్పేది. జబ్బుపడ్డవాళ్లకు సేవ చేసేది, పుళ్లకు మందు కట్టేది. మనసు మార్చుకుని పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపాలు చెప్పుకోవడానికి, సిద్ధమైన వాళ్లుండేవారు, వినడానికి గురువు దొరకడమే కష్టమయ్యేది. చుట్టుపక్కల ఎవరికీ ఆమె మఠకన్య అని తెలియదు. గోడ, ముసుగు, గంట ఉంటే ఈ పని సాధ్యమా? మేరీ వార్డ్ లెక్కలో టీచర్ పిల్లలున్న చోటికి వెళ్లగలగాలి. ఆమె విద్యా సిద్ధాంతంలో మొదటి వాక్యం ఏదైనా ఉంటే అది ఇదే.

సిలబస్ గురించి ఎక్కువ రాయకండి, ఒక్క లాటిన్ దగ్గర మాత్రం ఆగండి. మన దగ్గర ఒకప్పుడు సంస్కృతం ఉన్న స్థానంలో అక్కడ లాటిన్ ఉండేది. శాస్త్రం, చర్చి, కోర్టు అన్నీ దానిలోనే నడిచేవి. ఆడపిల్లలకు సాధారణంగా అది అందేది కాదు. 1627లో మేరీ వార్డ్ తన సహచరి విన్‌ఫ్రెడ్ బెడింగ్‌ఫీల్డ్‌కు రాసిన ఉత్తరంలో, ఇద్దరు అమ్మాయిలు లాటిన్‌లో రాసిన వ్యాసాలు చూసి తనకు ఎంత సంతోషం వేసిందో చెప్పి, వాళ్లను వేగంగా ముందుకు తీసుకెళ్లమంది. నేర్చుకోగలిగిన ప్రతి అమ్మాయినీ దానికి పిలవండి, మనలో చేరాలనుకునేవాళ్లలో లాటిన్ కంటే విలువైన నైపుణ్యం లేదు అని కూడా రాసింది. దేశాలు దాటి వ్యవహారాలు నడిపే స్త్రీ, రోమ్‌లో గద్దెల ముందు నిలబడి మాట్లాడే స్త్రీ, ఇద్దరు పిల్లల కాంపోజిషన్లు కూర్చుని చదివింది. క్లాసులో పేపర్లు దిద్దినవాళ్లకు ఆ సంతోషం తెలుసు.

పిల్లలు నాటకాలు కూడా ఆడేవారు. గిట్టనివాళ్లు దీన్నీ తప్పు పట్టారు, ఆడపిల్లలకు నలుగురి ముందు మాట్లాడటం అలవాటు చేస్తున్నారని. తిట్టడానికి 'జెస్యూటమ్మలు' అని, ఊళ్లు పట్టుకు తిరిగే 'దౌడు పిల్లలు' అని పేర్లు పెట్టారు.

ఇక అసలు సంగతి. 1617 చివర్లో సెయింట్ ఓమర్‌లో ఆమె తోటివాళ్లతో మాట్లాడిన మాటలు రాసిపెట్టినవి దొరుకుతున్నాయి. సందర్భం ఏమిటంటే, రోమ్‌లో ఎవరో వీళ్లను మెచ్చుకుంటుంటే ఒక జెస్యూట్ గురువు, "ఇప్పుడు కొత్త ఉత్సాహం కాబట్టి బాగానే ఉంటారు, ఎంతైనా ఆడవాళ్లే కదా" అన్నాడట. ఆ కబురు వీళ్లకు చేరింది. మేరీ వార్డ్ ఆ "ఆడవాళ్లే కదా" అన్న మాటను పట్టుకుని వదల్లేదు.

ఉత్సాహం అనేది భావోద్వేగంలో లేదు, మంచి చేయాలన్న సంకల్పంలో ఉంది, అది ఆడవాళ్లకూ మగవాళ్లలాగే ఉంటుంది అంది. ఆడవాళ్లు గొప్ప పనులు చేయలేనంత తేడా స్త్రీ పురుషుల మధ్య లేదు, రాబోయే కాలంలో స్త్రీలు ఎంతో చేస్తారని దేవునిలో నా ఆశ అంది. మేము ఏమీ చేయలేమని, ఉత్త ఆడవాళ్లమని మమ్మల్ని నమ్మించడం వాళ్లు మానేస్తే మేము పెద్ద పనులే చేయగలం అని కూడా అంది. ఈ చివరి మాట టీచర్లు జాగ్రత్తగా చదవాలి. సమస్య ఆడపిల్ల బుర్రలో లేదు, ఆమె చేత నమ్మించినదానిలో ఉందని 1617లో గుర్తుపట్టిన మనిషి ఈమె.

అదే ప్రసంగంలో లాటిన్ కీర్తన వాక్యం ఒకటి తీసుకుంది: ప్రభువు సత్యం ఎల్లకాలం నిలుస్తుంది. అక్కడ 'ప్రభువు సత్యం' అనే ఉంది, మగవాళ్ల సత్యం అనో ఆడవాళ్ల సత్యం అనో లేదు, కాబట్టి అది స్త్రీలకూ దక్కుతుంది అంది. జ్ఞానం సంపాదించమంది. అందులోని ఆనందం చాలా గొప్పదే అయినా దాని కోసం కాకుండా, అది చేర్చే గమ్యమైన దేవుని కోసం సంపాదించమంది. ఒక గురువు తన ఎదుటే, వేయి లోకాలిచ్చినా నేను ఆడదాన్నయి పుట్టను, ఆడది దేవుణ్ణి గ్రహించలేదు అన్నాడని కూడా చెప్పింది. జవాబిస్తే ఇవ్వగలదు, తన అనుభవమే దానికి రుజువు. "నేనేమీ అనలేదు, నవ్వి ఊరుకున్నాను" అంది.

ఇప్పుడు చెప్పండి, ఇది విద్యా సిద్ధాంతమా, భక్తా? సత్యం దేవునిది కాబట్టి ఎవరి సొత్తూ కాదు అన్నది ప్రార్థనలో దొరికిన మాట. కాబట్టి ఆడపిల్లకు లాటిన్ నేర్పాలి అన్నది బడిలో దాని పర్యవసానం.

1615 నాటి ఏకాంత ధ్యానంలో ఆమెకు ఇంకో స్పష్టత వచ్చింది. తన ఆత్మ గురువు రోజర్ లీకి దాన్ని ఉత్తరంలో రాసింది. ఈ పనికి కావలసిన మనిషిలో మూడు ఉండాలంటుంది: స్వేచ్ఛ, న్యాయం, నిష్కపటం. స్వేచ్ఛ అంటే ఇష్టం వచ్చినట్టు ఉండటం కాదు. లోకపు వస్తువులకు అతుక్కోకుండా, ఏ మంచి పనికైనా సిద్ధంగా, అన్నిటినీ దేవునితో ముడిపెట్టుకునే తేలికదనం. న్యాయం అంటే ఆమె దృష్టిలో చేయవలసిన పనిని చేయవలసినట్టు చేయడం. నిష్కపటం అంటే మనం ఎలా కనిపిస్తామో అలా ఉండటం, ఎలా ఉంటామో అలా కనిపించడం. మూడోది పిల్లల ముందు నిలబడేవాళ్లకు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. తెలియని ప్రశ్న వస్తే "రేపు చెప్తాను" అని తప్పించుకున్న నాలాంటి వాళ్లకు మరీనూ.

ఇంకోటి ఆమె చాలాసార్లు చెప్పే విషయం, సంతోషం. ఈ పిలుపుకు ఉల్లాసమైన మనసు, మంచి బుర్ర, సద్గుణం మీద గట్టి కోరిక కావాలి, మూడింటిలోనూ ముఖ్యమైనది ఉల్లాసమైన మనసే అంటుంది. ఆ కాలపు మఠాల గంభీరతను గుర్తుపెట్టుకుని చదవండి.

బడులు వేగంగా పెరిగాయి: సెయింట్ ఓమర్, లియేజ్, కొలోన్, ట్రియర్, రోమ్, నేపుల్స్, పెరూజా, మ్యూనిక్, వియన్నా, ప్రెస్‌బర్గ్. కానీ రోమ్‌లో అనుమతి రాలేదు. అక్కడి బడిని 1625లో మూయించారు. చివరికి 1631 జనవరి 13న ఎనిమిదవ అర్బన్ పోపు సంస్థనే రద్దు చేశాడు. ఆ శాసనం భాష చాలా కటువు. స్త్రీల బలహీనతకు, అణకువకు తగని పనులు చేస్తున్నారని, ఈ కలుపును వేళ్లతో పెకిలించాలని అందులో ఉంది. ఇక్కడ ఆమె తప్పు అసలు లేదని నేను అనను. 1630లో ఆమె తన మఠాలకు ఉత్తరం రాసి, మూసేయమని వస్తున్న ఆజ్ఞలు నిజంగా పోపువి కావనుకుని, వాటిని లెక్కపెట్టొద్దంది. అదే తిరుగుబాటుకు సాక్ష్యమైంది.

1631 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో ఆమెను మతద్రోహి అని పట్టుకుని పూర్ క్లేర్స్ మఠంలోనే బంధించారు. ఒకప్పుడు తాను ప్రేమించిన సంప్రదాయంవాళ్ల మఠమే జైలయింది. అక్కడి నుంచి తనవాళ్లకు నిమ్మరసంతో ఉత్తరాలు రాసింది. వస్తువులు చుట్టి పంపే కాగితాల మీద రాస్తే ఖాళీ కాగితంలా కనిపిస్తుంది, వేడి చూపిస్తే గోధుమరంగులో అక్షరాలు లేస్తాయి. చిన్నప్పుడు మనమూ దీపం మీద కాచి చదువుకున్న ఆటే. ఆ ఉత్తరాలు 20కి పైగా నేటికీ ఉన్నాయి. జబ్బు ముదిరి చావు దాకా వచ్చినప్పుడు, మతద్రోహం ఒప్పుకున్నట్టు ధ్వనించే కాగితం మీద సంతకం చేస్తేనే చనిపోయేముందు గురువు ఇచ్చే అంత్య సంస్కారాలు అన్నారు. చేయనంది. ఎలా కనిపిస్తామో అలా ఉండటం అన్నది 1615లో రాసిన మాటే, ఇక్కడ పరీక్షకు వచ్చింది. ఏప్రిల్‌లో విడుదలైంది. తర్వాత రోమ్ వెళ్తే పోపే ఆమె మతద్రోహి కాదన్నాడు, సంస్థను మాత్రం తిరిగి ఇవ్వలేదు. 1639లో ఇంగ్లండ్ చేరి, అంతర్యుద్ధం మధ్యలో 1645 జనవరి 30న యార్క్ దగ్గర హెవర్త్‌లో చనిపోయింది.

ఫెమినిస్ట్ అనొచ్చా అంటే, నా సలహా ఆ మాట పేపర్లో వాడకండి. అదే 1617 ప్రసంగంలో భార్య భర్తకు లోబడాలని, స్త్రీలు గుడిలో బోధించరని, సంస్కారాలు ఇవ్వరని ఒప్పుకుంటుంది. ఆ తర్వాతే, "మిగతా అన్నిటిలో మేము ఎందులో తక్కువ?" అని అడుగుతుంది. ఒప్పుకున్న భాగం వదిలేసి రెండో సగం మాత్రం ఎత్తి చూపితే ఎగ్జామినర్ పట్టుకుంటారు. రెండూ రాసి, ఆ ప్రశ్నను ఆమె ఏ హద్దులోపల నిలబడి అడిగిందో చూపించండి, అది చాలు.

మదర్ థెరిసా లింకు సూటిగా ఉంది, కానీ చాలామంది తప్పు రాస్తారు. మదర్ థెరిసా మొదట చేరిన లొరెటో సిస్టర్లను స్థాపించింది మేరీ వార్డ్ కాదు. రద్దు తర్వాత కూడా మ్యూనిక్‌లో ఆమె తోటివాళ్లు మామూలు స్త్రీలుగా ఉంటూ చదువు చెప్పారు. 1686లో యార్క్‌లో బార్ కాన్వెంట్ మొదలైంది. 1703లో వాళ్ల నియమాలకు రోమ్ ఆమోదం వచ్చింది, 1749లో మాత్రం మేరీ వార్డ్‌ను స్థాపకురాలిగా చెప్పుకోకూడదన్నారు. ఆమె పేరు 1909లో తిరిగి దక్కింది. ఈ మధ్యలో బార్ కాన్వెంట్‌లో శిక్షణ పొందిన ఐరిష్ సన్యాసిని తెరెసా బాల్ 1820లలో డబ్లిన్ దగ్గర రాత్‌ఫార్నమ్‌లో లొరెటో శాఖ పెట్టింది. 1841 డిసెంబర్ చివర్లో ఆ సిస్టర్లు కలకత్తా వచ్చారు. అల్బేనియా కుటుంబంలో పుట్టిన 18 ఏళ్ల ఆగ్నెస్ 1928లో రాత్‌ఫార్నమ్‌లోనే చేరి, తర్వాత కలకత్తా ఎంటాలీలో టీచరుగా పనిచేసింది. 1948లో ఆమె ఆ గేటు దాటి బస్తీల్లోకి వెళ్లింది. ఆమే మదర్ థెరిసా. మేరీ వార్డ్ సంస్థ నుంచి వచ్చిన ఇంకో శాఖకు 2004లో, మేరీ వార్డ్ మొదట అడిగినట్టే, యేసు సభ నియమావళి దక్కింది. 2009లో పోపు ఆమెను 'పూజ్యురాలు'గా ప్రకటించారు. పునీతురాలు అని రాయకండి, ఇంకా కాలేదు.

సెమినార్‌ను 1585తో మొదలుపెట్టొద్దు. "ఎంతైనా ఆడవాళ్లే కదా" అన్న మాటను బోర్డు మీద రాసి మొదలుపెట్టండి. అక్కడి నుంచి గోడ, లాటిన్, నిమ్మరసం వాటంతట అవే వస్తాయి. గైడ్ గారు రెండు హెడ్డింగులు ఉండాల్సిందే అంటే పెట్టేయండి, మార్కుల విషయం కాబట్టి వాదించకండి. కానీ 1617 ప్రసంగం మాత్రం రెండు హెడ్డింగుల కిందా రాయండి. ఎందుకు రెండుసార్లు రాశావని అడిగితే మీ ప్రెజెంటేషన్‌లో సగం చెప్పే అవకాశం వచ్చినట్టే.